ఇప్పుడెలా ఉంటాడో

“చెంపలు ఇంకొంచెం వదులు చెయ్యనా అమ్మా?” అన్నాడు పోలీసు ఆఫీసులో బొమ్మలు గీసే చిత్రకారుడు.

“నన్నడుగుతావేం నాయనా. నేనూ వాణ్ణి పేపర్లో చూసిందే,” అంది పెద్దావిడ.

పేపర్లో వాణ్ణి చూడనివాళ్లు లేరు. ముప్పై అయిదేళ్ల కిందట బ్యాంకు దోచి, అడ్డొచ్చిన ఆవిడ కొడుకుని కాల్చి పారిపోయాడు. ఆ మధ్య వాడి మీద సినిమా కూడా తీశారు. వాడిప్పుడెలా ఉంటాడో గీసి మళ్లీ గోడలకి అంటించాలి. చిత్రకారుడు వాడి తండ్రి ఫొటో చూసుకుంటూ, పాత ముఖానికి బట్టతల పెట్టాడు.

“కాటికి కాళ్లు చాచుకుని ఉంటాడు. ఇప్పుడు పట్టుకుని ఏం చేస్తారమ్మా? వదిలేస్తే మీరైనా కాస్త స్థిమితపడతారు.”

“నాకూ ఓపిక లేదు నాయనా,” అంటూ ఆవిడ బొమ్మ మీదికి వంగింది. “కళ్ల పక్కన ఆ గీతలేంటి?”

“నవ్వితే పడే ముడతలు. పెళ్లాం, పిల్లలు, మనవలు ఉండే ఉంటారు. ఇన్నేళ్లలో నవ్వకుండా ఉంటాడా?”

ఆవిడ చాలాసేపు ఆ గీతలనే చూసింది. తర్వాత సంచిలోంచి రెండు ఫొటోలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి ఇరవై రెండేళ్ల కుర్రాడిది.

“మావాడికి కూడా ఈ ముప్పై అయిదేళ్లు కలిపి వెయ్యి. తండ్రిని చూసి గీస్తానని పోయినసారి అన్నావు గదా, మా ఆయన ఫొటో తెచ్చాను.”

చిత్రకారుడు కొత్త కాగితం పరిచి, మొన ఉన్న పెన్సిల్‌నే మళ్లీ చెక్కాడు.

“నవ్వితే పడేవి కాస్త ఎక్కువే వెయ్యి నాయనా,” అందావిడ. “వాడు అయినదానికీ కానిదానికీ నవ్వేవాడు.”