ఆశాన్ దాచిన పారు

ఆ పటంలో తన పారు ఉంది. సరిగ్గా ఎక్కడుండాలో అక్కడే.

రేవులో అందరూ ఆశాన్, అంటే గురువు, అని పిలిచే సిల్వెస్టర్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. సందేహం లేదు. నీళ్ళ అడుగున చేపలు మూగే ఆ రాతిదిబ్బే. చర్చి గోపురం కొండ భుజం మీదికి వచ్చి, లైట్‌హౌస్ కొబ్బరితోట వెనక్కి దాగితే, పడవ సరిగ్గా దాని మీద ఉన్నట్టు. తాత తండ్రికి చెప్పాడు. తండ్రి తనకు చెప్పాడు. తను కొడుక్కి చెప్పాడు. బతికున్నవాళ్ళలో ఇద్దరికే తెలుసు.

"ఇది నీకెవరు చెప్పారు?"

ఎదురుగా బెంచీ మీద కూర్చున్న అమ్మాయి తిరువనంతపురం నుంచి వచ్చింది. పేరు జెసింత. సముద్రపు అడుగు మీద పరిశోధన చేస్తుందట.

"అడుగు కొలిచే మీ మిషను పట్టేసిందా?" ఆశానే మళ్ళీ అడిగాడు.

"లేదు ఆశాన్. అబద్ధమెందుకు? ముందు గుర్తులు చూసుకునే వెళ్ళాను. తర్వాతే మిషను దించాం. మీరు వద్దంటే పటంలోంచి తీసేస్తాను. అది అడగడానికే వచ్చాను. అసలు ఈ పారు చూడాలనే నేను ఈ చదువు చదివాను."

ఆశాన్ పకపకా నవ్వాడు.

"విన్నావా మెటిల్డా? నీళ్ళలో మునిగిన ఓ రాయిని చూడ్డానికి సైంటిస్టు అయిందంట!"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య నవ్వలేదు. బెంచీ మీద పాలు లేని కట్టన్ టీ పెట్టి ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

ఆశాన్ నవ్వు కూడా ఎంతోసేపు నిలవలేదు. పట్నం నుంచి వచ్చానంటోంది, మాట మాత్రం అచ్చం ఈ రేవు మాటే. ఎవరో తర్ఫీదిచ్చి పంపారు. ఎవరింకా, పెద్ద బోట్లవాళ్ళు. ఈ చోటు తెలిస్తే ఒక్క రాత్రిలో వల ఈడ్చి పారంతా ఊడ్చేస్తారు. మరి గుర్తులు చెప్పిందెవరు?

ముందు పత్రోస్‌ని పిలిపించాడు. చిన్నప్పటి నుంచి తన పడవలో తెడ్డు వేసినవాడు.

"నేనా?" పత్రోస్ ముసలి గొంతు చించుకున్నాడు. "పారు దగ్గరపడగానే నన్ను వెనక్కి తిప్పి కూర్చోబెట్టేవాడివి. తలతిప్పితే తెడ్డుతో ఒకటిచ్చేవాడివి. నేనేం చూశాను, నీ బోడి మోకాళ్ళు తప్ప?"

"ఆయన కాదు ఆశాన్," అంది జెసింత. "నాకు చెప్పింది..."

"నువ్వుండు పిల్లా. మగవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరకు."

పత్రోస్ కాకపోతే ఇక మిగిలింది ఒక్కడే.

కొడుకు బోనిఫాస్ ఒడ్డున వల బాగుచేసుకుంటున్నవాడల్లా చేతులు దులుపుకుంటూ వచ్చాడు. పటం చూశాడు. ముఖం పాలిపోయింది. ఆశాన్‌కి ఆ పాలిపోవడం ఒక్కటి చాలు.

"మొన్న పెద్ద బోటు ఓనరుతో టీకొట్టు దగ్గర ఏం గుసగుసలాడావురా?"

"ఇంజను రిపేరు గురించి అప్పా."

"ఇంజనా! ఇంజను పేరు చెప్పి తాతల నాటి పారు అమ్ముకున్నావా?"

"పునీత అంతోనివారి మీద ఒట్టు! నా పెళ్ళానిక్కూడా చెప్పలేదు."

"నేను చెప్పలేదు, పత్రోస్‌కి తెలియదు. మరి ఈ పిల్లకి చేపలొచ్చి చెప్పాయా? నీకు చెప్పిన రోజు ఒడ్డు మీద కాకిని కూడా వాలనివ్వలేదు. నీ సావాసగాళ్ళందరినీ కర్ర పుచ్చుకుని తరిమాను. గుర్తుందా?"

"గుర్తుంది."

"పడవలోంచి నీ వల తీసుకుపో. రేపట్నుంచి నా పడవ ఎక్కొద్దు."

బోనిఫాస్ కదల్లేదు. నలుగురు పిల్లలున్న మనిషి, ఆ పడవ తప్ప ఇంకో ఆధారం లేనివాడు. తండ్రి ముఖం వైపు, నేల వైపు చూసి, చివరికి గుమ్మం దాటాడు.

జెసింత లేచి నిలబడింది. "ఆశాన్, తప్పు చేస్తున్నారు. ఒక్క మాట విని..."

"నీ మాట నాకెందుకు? నిన్ను పంపినవాడి పేరు చెప్పు, చాలు!"

"ఇక ఆపు," అంది మెటిల్డా. ఆశాన్ తిరిగి చూశాడు. ఈ ఇంట్లో ఆ గొంతు అంత గట్టిగా ఎన్నడూ లేవలేదు. "పొద్దున్నుంచి మగాళ్ళందర్నీ అడిగావు. చెప్పడానికే వచ్చినదాన్ని మాత్రం నోరు తెరవనివ్వవు. బోనీ, ఆగు. ఎక్కడికీ పోకు."

ఆమె జెసింత పక్కన బెంచీ మీద కూర్చుంది.

"మన వైపు ఆడది పడవే ఎక్కదు. నీకు సముద్రం అడుగు చూడాలనే పిచ్చి ఎవరు పట్టించారమ్మా?"

జెసింత ఆశాన్ కళ్ళలోకి సూటిగా చూసింది.

"మీ అబ్బాయికి ఇసుకలో పారు గుర్తులు గీసి చూపించిన రోజు మగపిల్లలందరినీ తరిమేసి, అమ్మ చేపలబుట్ట పక్కన ఆడుకుంటున్న నన్ను పిలిచి, 'ఇది ఆడపిల్లేగా, ఉంటే ఏంటి' అంటూ గాలికి గీతలు చెరిగిపోకుండా చేతికి కొబ్బరిమట్ట ఇచ్చి అడ్డంగా నిలబెట్టింది మీరే ఆశాన్."