పేరంటాలు పెట్టె

పేదింటి కాన్పులకు దానంగా వచ్చే పురుటిపెట్టెలన్నీ ఆ రోజుల్లో మాట్లాడేవి. కాన్పులో పోయిన ఆడమనిషి గొంతును ఆమె అయినవాళ్లే పెట్టెకు ఇచ్చేవారు. సబ్బు, బ్లేడు, దారం ఎప్పుడెలా వాడాలో ఆ గొంతు చెప్పేది.

పురుడయ్యాక పెట్టె మరో తల్లికి వెళ్లాలి. పైడితల్లి మాత్రం కూతురి కాన్పు చేయించిన పెట్టెను గూట్లో పెట్టి, పసుపు రాసి, ముత్తైదువగా పోయి దేవతైన పేరంటాలని మొక్కుతోంది.

నర్సు నూకాలు గుమ్మంలోకొచ్చింది. "కొత్త సామాను తెచ్చినాను పిన్నీ, పెట్టిచ్చెయ్. పక్కింటి సన్నాసమ్మకి నొప్పులొచ్చేసినాయి."

"పేరంటాలు గడప దాటితే ఈ ఇంటికి మంచిదేటి?"

గూట్లోంచి గొంతు పలికింది. "ఎవరో మూలుగుతున్నారు. నన్ను తీసుకెళ్లమ్మా."

పైడితల్లి చటుక్కున లేచింది. తానే పెట్టెనెత్తుకుని పరుగెత్తింది.

పొద్దు వాలేలోగా సన్నాసమ్మ కన్నది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే పెట్టె అడిగింది. "బిడ్డ ఏడ్చిందా?"

"ఏడుస్తున్నాది కదా!" అంది నూకాలు.

"ఈ బిడ్డ కాదు. నా బిడ్డ."

పైడితల్లి పెట్టె మీద చెయ్యి వేసి, "ఏడ్చినాదమ్మా. ఊరంతా ఇనబడేలా ఏడ్చినాది," అంది.

తర్వాతి కాన్పులో నూకాలు ఎంత బతిమాలినా ఆ పెట్టె పలకలేదు.