పిరికివాడి ముళ్లు

పక్క కొండ మీద తోడేలు రాజై, తనకు ఎదురు చెప్పిన కుందేళ్లను వరసపెట్టి చంపించింది. మిగిలిన ఒక తల్లి కుందేలు తన ఇద్దరు పిల్లలతో ఈ అడవికి పారిపోయి వచ్చి, ముళ్లపంది వీరన్న బొరియలో తలదాచుకుంది. పేరుకే వీరన్న, ఎండుటాకు కదిలినా ఉలిక్కిపడే రకం.

తోడేలుతో మనకెందుకు గొడవని అడవి పెద్ద ఎలుగుబంటి, కుందేళ్లను వెనక్కి పంపెయ్యమని నక్కను పురమాయించాడు.

"తప్పుకో వీరన్నా, పెద్దాయన ఉత్తర్వు," అంది నక్క.

వీరన్న లోపలికి పారిపోబోయాడు. అక్కడ తల్లి పిల్లల్ని పొట్ట కింద దాచుకుని ఉంది. వాళ్లను తొక్కలేక గుమ్మంలోనే ఆగిపోయాడు. భయానికి ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. అవి చూసి నక్క జడుసుకుని, "రేపు పెద్దాయనతోనే వస్తా," అని వెళ్లిపోయింది.

"ఎంత ధైర్యం అన్నా నీది!" అంది కుందేలు.

"ధైర్యమా, నా మొహమా! లోపల చోటుంటే మీకంటే ముందే దాక్కునేవాణ్ణమ్మా. ఉండు, నాకంటే పిరికివాళ్లు మా చుట్టాలున్నారు, పిలుచుకొస్తా."

మర్నాడు ఎలుగుబంటి వచ్చేసరికి బొరియ చుట్టూ పదిహేను ముళ్లపందులు వీపులు బయటికి పెట్టి నిలబడి ఉన్నాయి. ఆయన గర్జించాడు. అందరూ గజగజ వణికారు. వణికేకొద్దీ ముళ్లు మరింత లేచాయి. ఎలుగుబంటి తన మెత్తటి ముక్కు ఒకసారి తడుముకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

సాయంత్రం దాకా వీరన్న గుమ్మంలోంచి కదల్లేదు. కాపలా కాస్తున్నాడనుకుంది కుందేలు. కాళ్లు ఆడటం లేదని వీరన్న చెప్పలేదు.