పడవ తెచ్చిన మనిషి

పడవ పక్క మీద జానెడు గీత.

నాలుగు నెలలుగా ఎదురుచూసిన పడవ రేవుకొచ్చి ఆగితే, టీచరమ్మ కంటికి ముందు ఆనింది అదే.

"ఇదేమిటి? మా నాన్న పడవకి ఇలాంటి గీత ఎప్పుడూ లేదు!"

తాడు ముడివేస్తున్న ముసలాయన తలెత్తాడు.

"దారిలో దుంగ తగిలిందమ్మా. రంగు పూద్దామంటే తడి ఆరలేదు."

"చూసుకోవద్దూ?"

"చూసుకోవాల్సింది."

ఇలా ఒప్పేసుకున్న మనిషితో పోట్లాడటం మహా కష్టం. బడిలో రోజూ చూసే సంగతే అయినా ఆమె కోపం దిగలేదు.

అసలు కోపం నాన్న మీద. రిటైరయ్యాక ఈ తెరచాప పడవలో దేశాలు పట్టుకు తిరిగాడు. తిరిగి తిరిగి, ఒక పరాయి రేవులో గుండె ఆగి పోయాడు. వీలునామా ఇంట్లో పెట్టలేదు, ప్లీడరు దగ్గరా పెట్టలేదు. పడవలోనే, రేకు పెట్టెలో భద్రంగా దాచుకున్నాడు.

"సముద్రం మీద తిరిగే పెద్దమనుషులు చేసే పనే ఇది," అని ప్లీడరు గారు అప్పట్లో తల పట్టుకున్నారు. "బీరువా తాళం బీరువాలోనే పెట్టి మూసేస్తారు. ఒక నకలు నా మొహాన పడేసి ఉంటే ఈ తిప్పలుండేవా? మూడు నెలల్లో హక్కుదారు తేలకపోతే రేవువాళ్ళు పడవని వేలం వేసేస్తారమ్మా."

టీచరమ్మ ఆ రోజే ఆ రేవు అధికారికి ఉత్తరం రాసింది. 'నా చిన్నతనమంతా ఆ పడవలోనే ఉంది. దయచేసి అమ్మకండి.'

కొన్నాళ్ళకి రెండు ముక్కల్లో జవాబొచ్చింది. కాగితాలు దొరికాయట. ఒక మనిషి పడవ తీసుకొస్తున్నాడట.

ఎవరో కిరాయి సరంగు అనుకుంది.

పడవెక్కి చుక్కాని పట్టుకుంది. ఏడేళ్ళప్పుడు నాన్న ఒళ్ళో కూర్చుని పట్టుకున్నది దీన్నే. గాలులకి పేర్లు పెట్టిందీ ఇక్కడే. చెప్పాపెట్టకుండా వచ్చి ఓ పట్టాన కదలనిది అత్తయ్య గాలి. ఊరికే హోరెత్తించి పడవని బెత్తెడైనా జరపనిది మామయ్య గాలి. నాన్న పడీపడీ నవ్వేవాడు. ఒకసారి అత్తయ్య ఎదుటే నోరుజారి, వారం రోజులు చీవాట్లు తిన్నాడు కూడా.

ఎంత బావుండేవి ఆ రోజులు!

తర్వాత చదువు, పెళ్ళి, ఉద్యోగం. "ఈ సెలవులకి వస్తావా అమ్మలూ?" అని నాన్న అడిగినప్పుడల్లా "వచ్చే సెలవులకి నాన్నా" అంది. అలా పదకొండేళ్ళు గడిచాయి.

లోపల నాన్న పడక మడత నలగకుండా ఉంది.

"దీని మీద పడుకున్నారా?"

"లేదమ్మా. అది కెప్టెన్ గారిది. నేను కిందే పడుకున్నా."

"సోమవారం రావాలి కదా? ఇవాళ బుధవారం."

"చివర్లో అత్తయ్య గాలి పట్టుకుందమ్మా. ఓ పట్టాన వదల్లేదు."

టీచరమ్మ ఉలిక్కిపడింది.

"ఆ పేరు మీకెవరు చెప్పారు?"

"కెప్టెన్ గారే. ఆరేళ్ళు కలిసి తిరిగాం."

అయితే నాన్న దగ్గర జీతానికున్నవాడన్నమాట! తనకీ నాన్నకీ మధ్య మాట పనివాడి నోట్లో నలగడం ఆమెకి నచ్చలేదు. అది అసూయే, ఇంకేమీ కాదు.

"మీకేం ఇవ్వాలో చెప్పండి."

"ఏమీ వద్దమ్మా." ఆయన కాస్త తటపటాయించాడు. "ఆ టీ కెటిల్ ఇస్తారా? పొద్దున్నే దాంట్లోనే కాచుకునేవాళ్ళం."

"మా నాన్న వస్తువు ఒక్కటి కూడా బయటికి పోవడానికి వీల్లేదు."

"సరేనమ్మా. అదీ నిజమే."

రేకు పెట్టె, తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. సాయంత్రం ఓడకి వెళ్ళిపోతున్నానన్నాడు. భుజానికి సంచీ తగిలించుకుని, పోతూ పోతూ పడవ అంచుని ఓసారి నిమిరాడు. టీచరమ్మ అప్పటికే రేకు పెట్టె మూత గోటితో పీకుతోంది.

మర్నాడు ఆఫీసులో ప్లీడరు గారు, పెట్టెలో ఉన్న రేవువాళ్ళ సీలు కవరు చించి వీలునామా చదివారు.

"పదకొండేళ్ళుగా నా కూతురు ఈ పడవెక్కలేదు. దాని సంసారం దానిది. ఇది దానికి బరువు కాకూడదు. అందుకని పడవనీ, అందులోని సమస్త సామాన్నీ, ఆరేళ్ళుగా నాతో తిరిగిన నా స్నేహితుడికి రాస్తున్నాను."

టీచరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"స్నేహితుడా? జీతానికున్నాయన కాదా?"

"జీతం మాట ఇందులో ఎక్కడా లేదమ్మా."

"అంటే... పడవ నాది కాదా?"

"కంగారు పడకండి. వెనకాల ఇంకో కాగితం కుట్టి ఉంది." ప్లీడరు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఆ రేవులోనే, సాక్షుల ముందు ఆ స్నేహితుడు సంతకం పెట్టాడు. 'ఆమె రాసిన ఉత్తరం రేవు అధికారి నాకు చదివి వినిపించారు. నాకు వచ్చిన హక్కంతా ఆమెకే వదిలేస్తున్నాను. పడవని నేనే తీసుకెళ్ళి అప్పగిస్తాను.' ఇంతే."



"నిన్న ఆయన్ని మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదండీ!" టీచరమ్మకి ఏడుపు ఆగలేదు. "ఓడ వెళ్ళిపోయుంటుంది. ఆయన ఇల్లెక్కడో చెప్పండి, ఎంత దూరమైనా వెళ్తాను. చిరునామా ఉంటుంది కదా అందులో?"

ప్లీడరు గారు కాగితం ఆమె వైపు తిప్పారు.

చిరునామా అని ఉన్నచోట ముసలాయన మొదట ఆ పడవ పేరే రాసుకుని, తర్వాత కొట్టేశాడు; ఆయనకున్న ఇల్లు అదొక్కటే.