ఏడవని మనిషి

ఐలవ్వ పాడె లేచినప్పుడు మగ్గాల వాడంతా ఏడ్చింది.

కోడలు చంద్రవ్వ ముఖం నిండా కొంగు కప్పుకుని గొంతెత్తి ఏడ్చింది.

ఏడవనిది రిబ్కమ్మ ఒక్కతే.

నయాపైసలు వచ్చిన ఆ ఏడాదే ఎక్కడినుంచో హుస్నాబాద్ వచ్చి, అప్పటినుంచి మొండయ్య మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. వసారాలో చోటిచ్చి అన్నం పెట్టింది మొండయ్య తల్లి ఐలవ్వే.

“అన్నం పెట్టిన అవ్వ పోతే ఒక్క సుక్క రాల్చలే. గది మనిషేనా?” అంది పొరుగింటి శంకరవ్వ.

ఆమెది చేతబడి అనడానికి వాడకు ఆ మాట చాలు.

రిబ్కమ్మ కళ్ళు నులుముకుని, చెంబెడు నీళ్ళు తాగి గోడవారగా కూర్చుంది.

దినాలు కాకముందే చంద్రవ్వకు కాళ్ళూ చేతులూ పడిపోయాయి.

“గాలి సోకింది,” అన్నారంతా.

రిబ్కమ్మ ఆమె నోరు తెరిపించి చూసింది. బొడ్లోంచి పొట్లం తీసి, తెల్లటి పొడి నీళ్ళలో కలిపి తాగించింది.

అప్పుడే మొండయ్య వచ్చాడు.

“ఏం పోస్తున్నవే? నా పెండ్లానికి మందు పెడుతున్నవా?”

“దవాఖాన మందే అన్నా. జర ఆగు, లేస్తది.”

“మా అవ్వను మింగింది సాలలేదా?”

పొట్లం గుంజుకుని మోరీ కాలవలో పారేశాడు.

“నీ కాల్మొక్త అన్నా, గది పారెయ్యకు!”

జుట్టు పట్టి ఆమెను వాడ దాటించాడు.

పొద్దుగూకేసరికి చంద్రవ్వ చేయి కదిలింది. మర్నాడు లేచి కూర్చుంది. రిబ్కమ్మను తరమబట్టే చేతబడి విరిగిందని వాడంతా మురిసిపోయింది.

పక్షం తిరక్కుండా చంద్రవ్వ మళ్ళీ పడిపోయింది. ఈసారి మొండయ్య బండి కట్టి మిషన్ దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరమ్మ చంద్రవ్వ ఎండిన నాలుక చూసింది.

“ఏడిస్తే కన్నీళ్ళు వస్తాయా అమ్మా?”

చంద్రవ్వ మొగుడి వైపు చూసి తల దించుకుంది.

“రావు. ఏడాదాయె. అత్తమ్మ సచ్చిన్నాడు గూడ రాలే. నలుగురు ఏమంటరోనని కొంగు కప్పుకున్న.”

“ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే రోగం ఇది. కన్నీళ్ళను, ఉమ్మిని ఎండగొడుతుంది. మూత్రపిండాలనూ వదలదు. అవి ఒంట్లోని ఆమ్లాన్ని బయటికి పంపలేవు, కావలసిన లవణాన్ని మాత్రం పోగొడతాయి. అప్పుడే కాళ్ళూ చేతులూ పడిపోతాయి. ఈ పొడి ఆ లవణమే, రోజూ తాగాలి.”

తెల్లటి పొడి. అదే రకం పొట్లం.

మొండయ్య పొట్లం చేతిలోకి తీసుకున్నాడు.

“గీ పొడి… మా ఇంట్ల రిబ్కమ్మ దగ్గర…”

డాక్టరమ్మ చేయి ఆగింది.

“ఆమెదీ ఇదే రోగం. పది రోజుల కిందట నడిచి ఇక్కడికే వస్తూ దారిలో పడిపోయింది. తెచ్చేసరికి ఊపిరి లేదు. దగ్గరుండాల్సిన పొట్లం ఏం చేసుకుందో మరి.”

చంద్రవ్వ బావురుమంది. ఈసారి కొంగు కప్పుకోలేదు. ఆమె కళ్ళలోంచి ఒక్క చుక్క రాలేదు.

అవ్వ పాడె ముందు రిబ్కమ్మ కూడా ఏడ్చిందని మొండయ్యకు అప్పుడు తెలిసింది.