పన్నెండు నలభై విమానం

నలభై ఒకటో ఫిర్యాదు కూడా ఆ ఇంటి నుంచే వచ్చింది.

సాయిగణేష్ కంప్యూటర్లో జాబితా మొత్తం ఇంకోసారి చూశాడు. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఊళ్లలో విమానాల చప్పుడు కొలవడం, దాని మీద వచ్చే ఫిర్యాదులకు జవాబు చెప్పడం అతని ఉద్యోగం. తెల్లారకుండానే పసిపిల్లల్ని లేపేస్తోందని ఒక విమానం మీద ఫిర్యాదులున్నాయి. పరీక్షల చదువు పాడుచేస్తోందని ఇంకోదాని మీద ఉన్నాయి. ఉష అనే ఈవిడకి మాత్రం ఒక్క విమానంతోనే పేచీ. మధ్యాహ్నం పన్నెండు నలభైకి దిగే చెన్నై విమానం.

మిగతావేవీ ఈవిడ చెవిన పడవా?

"వెనకాల ఎవరో ఉన్నారయ్యా," అన్నారు పై అధికారి వెంకటకృష్ణారావు గారు. "స్థలాల బ్రోకర్లో, కోర్టు పక్షులో. ఆవిడ తృప్తిగా ఉందని సంతకం పెడితేగాని ఫైలు మూతపడదు. నెలాఖరులోగా తెమల్చకపోతే నీ కాంట్రాక్టు పొడిగించమని నేను రాయలేను."

నెలాఖరు ఎల్లుండే. సాయిగణేష్ మీటరు సంచీలో పెట్టుకుని బండి తీశాడు.

రన్‌వే గోడ దాటి చేపల చెరువు గట్టు వెంబడి రెండు కిలోమీటర్లు వెళ్తే ఆ ఊరు. ఉష ఇల్లు వీధి చివర. ముప్పై అయిదేళ్ల మనిషి. వసారాలో మిషను ముందు కూర్చుని చీరకి ఫాల్ కుడుతోంది. సాయిగణేష్ ఎవరో చెప్పగానే లేచి కుర్చీ వేసింది.

"మీరే వస్తారనుకోలేదండీ. కాయితం పంపిస్తే సరిపోయేది కదా."

కాయితం. ఆ మాట దగ్గర సాయిగణేష్ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

మీటరు ప్రహరీ మీద పెట్టాడు. పన్నెండు నలభైకి చెన్నై విమానం చెరువుల మీదుగా వచ్చి చెట్ల వెనక్కి దిగిపోయింది. అరవై రెండు డెసిబెల్స్. అంతలో పక్కింటి రత్తమ్మ మిక్సీ వేసింది. డెబ్బై ఎనిమిది.

"చూశారా అమ్మా. విమానం కంటే మీ పక్కింటి పచ్చడి చప్పుడే ఎక్కువ. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడితే ఇంకా ఎక్కువొస్తుంది."

"నా మిక్సీ మీదకొచ్చారేంటి బాబూ," అంది రత్తమ్మ గోడ మీంచి. "అది చెన్నై దాకా పోదులే."

ఉష నవ్వలేదు. గోడ గడియారం వంకే చూస్తోంది.

"సరిగ్గా టయానికే దిగిందండీ."

"రోజూ అంతే."

"రోజూనా? ఈ మూడు నెలల్లో ఎప్పుడూ లేటు కాలేదా?"

"ఒకటి రెండు సార్లు అయ్యుంటుంది. ఎందుకమ్మా?"

"దిగాక జనం బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందండీ?"

సాయిగణేష్ చేతిలో మంచినీళ్ల గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. చప్పుడుకీ, జనం బయటికి రావడానికీ ఏం సంబంధం?

"ఇది మిమ్మల్ని ఎవరు అడగమన్నారు?"

"ఎవరో అడగమనేదేంటండీ, నాకు నోరు లేదా?"

"సరే. మీ ఇబ్బందేంటో సూటిగా చెప్పండి. కిటికీలకి అద్దాలు వేయించాలా?"

"అద్దాలొద్దు, ఏమొద్దు. ఈ మూడు నెలలూ ఆ విమానం ఏ రోజు ఎన్నింటికి దిగిందో తారీకుల వారీగా రాసివ్వండి. మీరడిగిన చోట సంతకం పెట్టేస్తా."

"అది ఫోన్లో చూసుకోవచ్చు కదమ్మా."

"ఫోన్లో చూపిస్తే ఫోను తప్పంటారు. ముద్ర ఉన్న కాయితమైతే ఎవరూ కాదనలేరు."

కోర్టే. అనుమానం లేదు. లేదా అంతకంటే పెద్దదేదో.

బండి తీస్తుంటే రత్తమ్మ గేటు దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "దాన్ని ఎక్కువ కదపమాక బాబూ. మూడు నెలల్నుంచి మనిషి మనిషిలా లేదు. మధ్యాహ్నమైతే చాలు, మెతుకు ముట్టకుండా ఆకాశం వంక చూస్తా కూచుంటది."

గట్టు మీద బండి ఆపి సాయిగణేష్ ఫోన్ చేశాడు. "సార్, పోలీసులకి ఒక మాట చెబుదామా?"

వెంకటకృష్ణారావు గారు అక్కర్లేదన్నారు. "ఆ టైములు బోర్డు మీద అందరికీ కనపడేవే కదయ్యా. రాసిచ్చెయ్. ఒక కాపీ మాత్రం మన దగ్గర జాగ్రత్తగా ఉంచు."

మర్నాడు మధ్యాహ్నం కాయితాలు పట్టుకెళ్లాడు. మూడు పేజీలు, తొంభై రోజులు. ఆలస్యంగా దిగింది రెండే రోజులు. ఆకుపచ్చ సిరాతో అధికారి సంతకం, గుండ్రటి ముద్ర.

ఉష వేలు పెట్టి ఒక్కో వరసా చదివింది. కొన్ని తారీకుల దగ్గర వేలు ఆగిపోతోంది.

"పదకొండో తారీకు?"

"పన్నెండు ముప్పై ఎనిమిది. రెండు నిమిషాలు ముందే దిగింది."

ఆవిడ తృప్తిగా ఉందన్న గడిలో సంతకం పెట్టింది. అక్షరాలు వంకర పోయాయి.

ఫైలు చంకలో పెట్టుకుని బయటపడ్డాడు గాని సాయిగణేష్‌కి కాలు సాగలేదు. ఆ కాయితాల కోసం ఏ బ్రోకరు కారేసుకొస్తాడో, ఏ వకీలు దిగుతాడో చూద్దామని గట్టు మీద ఎండలో గంటసేపు నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. విసుగొచ్చి ఆఫీసుకి వెళ్లిపోయాడు.

మూడున్నరకి వాకిట్లో ఎయిర్‌పోర్టు టాక్సీ ఆపి, "ఇవాళ కూడా చెన్నై విమానం లేటే ఉషా, ఆకలి దంచేస్తోంది" అంటూ కాళ్లు కడుక్కొచ్చి పీట మీద కూర్చున్న మొగుడి కంచంలో, ఉష అన్నానికి బదులు ఆ ముద్ర కాయితాలు వడ్డించింది.