తొడ కొట్టినోడు

"తొడ కొట్టినోడు బయటికి రావాల!"

మాలకొండమ్మ తలుపు తీసి, వెనక మళ్ళీ మూసింది. మైపాడు పక్కన, సముద్రం ఒడ్డునున్న ఆ పాళెంలోని మగవాళ్ళంతా వాకిట్లోనే ఉన్నారు. చేతులు వెనక్కి పెట్టుకుని ఉన్నారు.

రాష్ట్ర కబడ్డీ ఫైనల్లో ఆఖరి కూతకు వెళ్తూ ఆమె కొడుకు అంకబాబు తొడ కొట్టి, ఎదుటి జట్టును వెక్కిరించాడు. ఆ కూతలోనే పట్టుబడ్డాడు. కప్పు పోయింది. పొద్దుటి నుంచి ఫోన్లలో ఊరూరా అదే వీడియో, అదే నవ్వు.

"మీకేనా కోపం? నాకు లేదా?"

మాలకొండమ్మ గుప్పెడు ఇసుక ఎత్తి తన ఇంటి తలుపు మీదే కొట్టింది.

"ఒళ్ళు బలిసినోడా! పాళెం పరువంతా సముద్రంలో కలిపితివి గదరా! నువ్వు నా కడుపున ఎట్ట పుట్టినావురా!"

గొంతు బొంగురుపోయేదాకా తిట్టింది. జనం అరుపులు సద్దుమణిగాయి. చివరికి ఒక పెద్దాయనే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఊరుకోమ్మా. ఆటన్నాక ఓడిపోరా? చిన్నపిల్లోడు, నేర్చుకుంటాడులే."

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

లోపల అంతా విన్న అంకబాబు ఎర్రబడ్డ కళ్ళతో గడప దాటాడు.

"నువ్వు గూడానా అమ్మా?"

ఆమె ఆ జనం నిలబడ్డ చోట వంగి, ఏదో ఏరి కొంగులో వేసుకుంటోంది. అతను దగ్గరికి వెళ్ళి చూశాడు.

కంకర రాళ్ళు. ఎంత తవ్వినా ఇసుకే తప్ప రాయి దొరకని పాళెం అది. రోడ్డు పని జరిగేచోటి నుంచి మోసుకొచ్చారు.